పన్ను పీకించుకునే రోజు



ఎంత కష్టమొచ్చినా పంటి బిగువున ఓర్చుకున్నాం అంటాం కదా. మరి ఆ పన్నే నొప్పి పెడితే దేని బిగువున ఓర్చుకోవాలి?

నేను పళ్ల డాక్టర్ని. కేసముద్రంలో స్టేషన్‌కు దగ్గర్లో నాదొక చిన్న దవాఖాన. కుర్చీ ఒక్కటే. ఆ కుర్చీ ఎక్కినవాళ్లు ముందుగా అడిగే మాట కూడా ఒక్కటే. "సారూ, నొప్పైతదా?" మార్కెట్ యార్డులో పొద్దంతా బస్తాలు మోసే హమాలీ అదే అడుగుతాడు. బడిలో పిల్లల్ని గదమాయించే పంతులుగారూ అదే అడుగుతారు. నలుగురు పిల్లల్ని కన్న పెద్దమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అదే అడుగుతుంది.

ఈ పూట ఆ ప్రశ్నకే జవాబు చెబుదామని వచ్చాను. పన్ను తీయించుకునే రోజు ఎట్లా ఉంటుంది? కుర్చీలో కూర్చున్నాక ఏం తెలుస్తుంది, ఏం తెలియదు? ఇంటికి పోయాక ఏం చేయాలి? సంగతులు చాలా ఉన్నాయి. మీరు గుర్తు పెట్టుకోవాల్సినవి మాత్రం రెండే. ఒకటి, పన్ను కదిలించేటప్పుడు ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు. రెండు, పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డ కడుతుంది, ఆ గడ్డను కదిలించొద్దు. మళ్లీ చెబుతున్నా. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు. గడ్డను కదిలించొద్దు. రేడియోలో మీకు పేజీ వెనక్కి తిప్పే వీలు లేదు. అందుకే ఆ పని నేనే చేస్తుంటాను.

ముందు దవాఖాన దాకా వచ్చే కథ చెబుతాను. అది మామూలు కథ కాదు.

ఒక మిర్చి సీజన్లో యార్డు నుంచి ఒక హమాలీ వచ్చాడు. కింది దవడలో వెనక పన్ను. బుగ్గ బూరెలా పొంగింది.

"ఎన్ని రోజులైంది తమ్మీ?" అన్నాను.

"పది రోజులైతుంది సారూ. యార్డు బందున్న రోజు చూసి వద్దామని ఆగిన."

ఆ పది రోజులూ ఏమేం చేశాడో ఒక్కొక్కటే చెప్పాడు. మొదట లవంగం. తర్వాత కర్పూరం. ఆ తర్వాత పిప్పిలో తంబాకు కూరాడు. చివరికి నొప్పి గోళీ నలిపి చిగురు మీద అద్దుకున్నాడు. నోరు తెరిస్తే ఆ గోళీ పెట్టిన చోట చిగురు తెల్లగా కాలి ఉంది. పాపం, పంటి నొప్పికి పుండు నొప్పి తోడైంది. గోళీ కడుపులోకి పోవాలి, అక్కడి నుంచి రక్తంలోకి పోవాలి, అప్పుడే నొప్పి తగ్గిస్తుంది. చిగురు మీద పెడితే చిగురును కాలుస్తుంది, అంతే.

లవంగాన్ని మాత్రం తప్పు పట్టను. లవంగ నూనెలో యూజెనాల్ అనే పదార్థం ఉంటుంది. అది నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. మేమూ దాన్ని మందుల్లో వాడతాం. కానీ లవంగం ఒక రాత్రి గడవడానికి పనికొస్తుంది. పిప్పిని నయం చేయదు.

మా నాయనమ్మ కాలంలో ఇంకో వైద్యం ఉండేది. వాకుడు గింజల పొగ. ఊరూరు తిరిగేవాళ్లు వచ్చి నిప్పుల మీద ఆ గింజలు వేసి, పొగను గొట్టంతో నోట్లోకి పట్టేవాళ్లు. తర్వాత నీళ్ల గిన్నె చూపించి, "ఇగో, పురుగు పడ్డది" అనేవాళ్లు. మా నాయనమ్మ చనిపోయేదాకా ఆ పురుగును కళ్లారా చూశాననే చెప్పింది. ఆమెను నేను వెక్కిరించను. పంటి పురుగు నమ్మకం మన ఒక్క ఊరిది కాదు, వేల ఏళ్ల కిందటి బాబిలోనియాలోనూ ఉంది. యూరప్‌లోనూ ఇంకో రకం గింజలతో ఇట్లాగే పొగ పట్టేవాళ్లు. వేడికి గింజలు పగిలి తెల్లటి ముక్కలు బయటపడితే అవే పురుగులు అనుకునేవాళ్లు. 1728లో ఫ్రాన్స్‌లో పియెర్ ఫోషార్ అనే దంతవైద్యుడు పళ్ల మీద పెద్ద పుస్తకం రాసి, వెతికి చూశాను, పంటిలో పురుగు లేదు అని తేల్చాడు. ఉన్నవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. మనం తిన్న తీపిని అవి పులియబెడతాయి. ఆ పులుపు పన్నును కరిగిస్తుంది. అదీ పిప్పి పన్ను కథ.

ఆ హమాలీ దగ్గరికి వద్దాం. ఆ రోజు నేను అతని పన్ను తీయలేదు. చీము బయటికి వదిలి, మందులిచ్చి, నాలుగో రోజు రమ్మన్నాను. "ఇప్పుడే పీకెయ్ సారూ, పీడ పోతది" అని బతిమాలాడు. ఎందుకు తీయలేదంటే, చీము పట్టిన చోట కూడా పులుపు పెరుగుతుంది. ఆ పులుపులో మత్తు సూది సరిగ్గా పని చేయదు. ఇందాక చెప్పిన మాట గుర్తుందా? ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు. ఆ మాట నిలవాలంటే మత్తు బాగా ఎక్కాలి. మత్తు బాగా ఎక్కాలంటే బుగ్గ పొంగకముందే రావాలి. "పన్ను పీకితే ప్రాణం పోయింది సారూ, అంత నొప్పి" అని చెప్పేవాళ్లను కదిలించి చూడండి. వాళ్లలో చాలామంది పది రోజులు ఆగి, వాపు మీద వచ్చినవాళ్లే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. నొప్పి పెట్టిన ప్రతి పన్నూ పీకాల్సిందే కాదు. వేర్లలోని నరాన్ని శుభ్రం చేసి పన్నును నిలబెట్టే రూట్ కెనాల్ వైద్యం ఉంది. పన్ను నిలుస్తుందా, తీసేయాల్సిందేనా అన్నది ఎక్స్‌రే చూశాక తేలుతుంది. నిలిచే పన్నును పీకమంటే నేను ఒకటికి రెండుసార్లు వద్దంటాను. తీయక తప్పని పన్ను గురించే ఈ పూట మాట్లాడుతున్నాను.

సరే, రోజు ఖాయమైంది. ఆ పొద్దున ఏం చేయాలి?

తిని రావాలి. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆపరేషన్ అంటే కడుపు ఖాళీగా ఉండాలి కదా అంటారు. అది మనిషిని పూర్తిగా నిద్రపుచ్చే ఆపరేషన్లకు. ఇక్కడ మత్తు పన్ను చుట్టే కాబట్టి కడుపు నిండా తిని రావచ్చు. తినే రావాలి. ఒక శనివారం ఒక చెల్లె ఒక్కపొద్దు ఉండి వచ్చింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. సూది ఇచ్చి ఇటు తిరిగానో లేదో, మొహం పాలిపోయి, చెమటలు పట్టి, కుర్చీలో జారిపోయింది. కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు ఎత్తి పెట్టాను. రెండు నిమిషాల్లో కళ్లు తెరిచి, "పన్ను అయిపోయిందా సార్?" అంది. ఇంకా మొదలే కాలేదు తల్లీ అన్నాను. షుగర్ ఉన్నవాళ్లయితే ఈ విషయంలో మరీ జాగ్రత్త. గోళీ వేసుకుని, తినకుండా రావొద్దు.

రెండో సంగతి, మీరు రోజూ వాడే మందులు. అడిగితే "ఏం లేదు సారూ, బీపీ గోళీ ఒక్కటే" అంటారు. ఆ గోళీ ఏదో నాకు తెలియాలి. కుర్చీ ఎక్కే ముందు బీపీ చూస్తాం. పైది 180 గానీ, కిందది 110 గానీ దాటితే ఆ రోజు పన్ను తీయం. బీపీని దారికి తెచ్చుకుని రమ్మంటాం. గుండె జబ్బుకో, పక్షవాతం వచ్చి తగ్గాకో రక్తం పలచబడే గోళీలు వాడేవాళ్లు ఉంటారు. వాళ్లు రెండు తప్పులు చేస్తారు. కొందరు ఆ సంగతే చెప్పరు. కొందరు రక్తం ఆగదేమోనన్న భయంతో వారం ముందే సొంతంగా గోళీ ఆపేసి వస్తారు. రెండో తప్పు మొదటిదాని కంటే ప్రమాదం. పన్ను గుంతలో కారే రక్తాన్ని నేను అదిమి ఆపగలను, కుట్టు వేసి ఆపగలను. గోళీ మానేసినందుకు గుండెలోనో మెదడులోనో గడ్డ కడితే ఏం చేయగలను? అందుకే ఆ గోళీని మీ అంతట మీరు ఆపొద్దు. చాలామందికి ఆపకుండానే పన్ను తీస్తాం. కొన్ని రకాల మందులకైతే ముందు రక్త పరీక్ష చూస్తాం, మీ గుండె డాక్టర్‌తో మాట్లాడతాం.

గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు, ఎముకలు గట్టిపడటానికి సూదులు తీసుకుంటున్నవాళ్లు, ఇదివరకు ఏదైనా మందు పడక ఒళ్లు దద్దుర్లు లేచినవాళ్లు, కడుపుతో ఉన్న ఆడబిడ్డలు – వీళ్లంతా ఆ సంగతి ముందే చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడొద్దు.

ఇక కుర్చీ.

మొదట సూది పడే చోట కాస్త జెల్లో స్ప్రేనో రాస్తాం. చల్లగా, కొంచెం చేదుగా ఉంటుంది. తర్వాత సూది. ఈ సూది తెలియదని అబద్ధం చెప్పను. తెలుస్తుంది. చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. తర్వాత మందు ఎక్కుతుంటే అక్కడ బిగపట్టినట్టు ఉంటుంది. కుర్చీలో ఉన్నంతసేపు నొప్పి అని చెప్పుకోదగ్గది ఇదొక్కటే. కొందరికి సూది పడగానే గుండె దడదడలాడుతుంది. భయపడొద్దు. మత్తు ఎక్కువసేపు నిలవాలని ఆ మందులో కొద్దిగా అడ్రినలిన్ కలుపుతారు. ఆ దడ కాసేపట్లో దానంతట అదే తగ్గిపోతుంది.

తర్వాత ఐదు నిమిషాలో పది నిమిషాలో ఊరికే కూర్చోవాలి. కింది దవడ పన్నయితే సగం పెదవి, సగం నాలుక బరువెక్కుతాయి. పెదవి జానెడు మందమైనట్టు అనిపిస్తుంది. అద్దంలో చూసుకుంటే ఎప్పటిలాగే ఉంటుంది. నేను చిన్న అద్దం ఒకటి అందుకే దగ్గర పెట్టుకుంటాను. చూసుకుని నవ్వుతారు. ఆ నవ్వు సగం మూతికే వస్తుంది. దాంతో ఇంకా నవ్వుతారు. భయం సగం అక్కడే పోతుంది.

ఈ పది నిమిషాల్లో మీకొక ముచ్చట చెబుతాను.

మనిషి నొప్పిని గెలిచిన కథలో పెద్ద పాత్ర పంటిదే. అమెరికాలో హొరేస్ వెల్స్ అని ఒక పళ్ల డాక్టర్ ఉండేవాడు. నవ్వు పుట్టించే గ్యాసు పీల్చిన మనిషికి కాలికి దెబ్బ తగిలినా తెలియకపోవడం ఒక ప్రదర్శనలో చూశాడు. మరునాడే, 1844 డిసెంబర్ 11న, ఆ గ్యాసు తానే పీల్చి, తన పన్నే తోటి డాక్టర్‌తో పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. ఊహించుకోండి. రోగి మీద చేసే ముందు తన నోరు తెరిచి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఈథర్ వచ్చింది, క్లోరోఫాం వచ్చింది. క్లోరోఫాంతో నొప్పి పోయేది కానీ ఒక్కోసారి ప్రాణమే పోయేది. ఒక్క పన్ను కోసం క్లోరోఫాం పీల్చి మళ్లీ లేవనివాళ్లూ ఉన్నారు. అసలు ఈ మందు ప్రాణం ఎట్లా తీస్తోంది, ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా? ఈ ప్రశ్న తేల్చడానికి ప్రపంచంలో ఎక్కడ పరిశోధన జరిగిందో తెలుసా? మన హైదరాబాద్‌లో. మన ఊళ్ల మీదుగా బెజవాడ వైపు రైలు పట్టాలు పడుతున్న రోజుల్లోనే, 1888లో, 1889లో, హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పని చేశాయి. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ నడిపించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు పెట్టుకున్నాడు. లండన్ నుంచి పెద్ద డాక్టర్‌ను పిలిపించారు. గుండెకు భయం లేదు, ఊపిరి చూసుకుంటే చాలు అని తేల్చారు. ఆ తీర్పులో సగం తప్పని తర్వాత బయటపడింది, క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదు. రోగి ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న సగం మాత్రం ఇప్పటికీ నిజమే. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకుని ఏళ్ల తరబడి అక్కడి ఆస్పత్రుల్లో మత్తు డాక్టర్‌గా పని చేసింది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని చాలామంది చెబుతారు. మన బడి పుస్తకాల్లో ఆమెకు ఒక పాఠం దక్కాలి. ఇది నా సొంత అభిప్రాయం అనుకోండి.

ఇప్పుడు మనం వాడే మందు వేరు. దాని పేరు లిగ్నోకైన్. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారు చేశాడు. అతని తోటి పరిశోధకుడు లుండ్‌క్విస్ట్ దాన్ని ముందు తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. ఈ మందు మనిషిని నిద్రపుచ్చదు. నొప్పి కబురు మోసే నరాన్ని మాత్రం ఆ చోట ఆపుతుంది. మీరు మెలకువగానే ఉంటారు. నేను మాట్లాడేది వింటూనే ఉంటారు.

అదిగో, పది నిమిషాలైంది. పెదవి మొద్దుబారింది. పన్ను చుట్టూ ఒక మొన ఉన్న పనిముట్టుతో గుచ్చి చూస్తాను. "తెలుస్తుందా?" అంటాను. "ముట్టినట్టు తెలుస్తుంది సారూ, నొప్పి లేదు" అంటే మొదలుపెడతాను. నొప్పి ఉందంటే ఇంకో సూది. ఇక్కడ మొహమాటం వద్దు. నొప్పి ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి, నేను ఆగుతాను. ఇది కుర్చీలో కూర్చున్న మనిషికి నేనిచ్చే మాట. మీ డాక్టర్‌ను కూడా ముందే అడిగి ఈ మాట తీసుకోండి.

పన్ను పీకడం అంటాం కానీ నిజానికి పీకం. పొలంలో పాతిన గుంజను ఎట్లా తీస్తారు? నిలువునా పైకి లాగితే రాదు. అటూ ఇటూ ఊపుతారు. మట్టి వదులవుతుంది. అప్పుడు రెండు వేళ్లతో తీసినా వస్తుంది. పన్ను అంతే. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నటి నారపోగులు ఉంటాయి. పన్ను ఎముకలో వాటితో వేలాడుతుంటుంది. ముందు ఒక చిన్న పారలాంటి పనిముట్టుతో ఆ పోగులను వదులు చేస్తాం. తర్వాత పట్టకారుతో పట్టుకుని బుగ్గ వైపు, నాలుక వైపు నెమ్మదిగా ఊపుతాం. చుట్టూ ఉన్న ఎముక కాస్త జరుగుతుంది. పన్ను దారి ఇస్తుంది.

ఆ ఊపే సమయంలోనే మీకు ఒత్తిడి తెలుస్తుంది. గట్టిగానే తెలుస్తుంది. దవడ మీద ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టు ఉంటుంది. నేను ఇంకో చేత్తో దవడను పట్టుకుని ఆసరా ఇస్తాను. ఒత్తిడి ఎందుకు తెలుస్తుందీ అంటే, ఈ మందు నొప్పి కబురు మోసే సన్నటి నరాలను బాగా ఆపుతుంది, ఒత్తిడి కబురు మోసే లావు నరాలను అంతగా ఆపలేదు. అందుకే మళ్లీ అదే మాట. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు. ఒత్తిడి తెలిసిందంటే మత్తు ఎక్కలేదని అర్థం కాదు.

ఇక చప్పుడు. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. కిర్రుమంటుంది, ఒక్కోసారి టక్కుమంటుంది. పక్కన నిలబడ్డ మనిషికి అది వినపడను కూడా వినపడదు. మీకు మాత్రం ఎముక మీదుగా నేరుగా చెవిలోకి వస్తుంది కాబట్టి పెద్దగా వినిపిస్తుంది. చాలామంది భయపడేది నొప్పికి కాదు, ఆ చప్పుడుకే. నేనూ భయపడ్డాను. నా జ్ఞానదంతం అడ్డంగా మొలిస్తే తీయించుకోవాల్సి వచ్చింది. అప్పటికే నేను కొన్ని వందల పళ్లు తీసి ఉన్నాను. ఏ నిమిషంలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అయినా ఆ టక్కు వినపడగానే కుర్చీ చేతులను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, అయిపోయాక డాక్టర్ నవ్వుతూ, "ఇక వదలండి సార్, కుర్చీ నాది" అన్నారు. ఆ రోజు నుంచి మా దవాఖానలో ప్రతి ఒక్కరికీ ముందే చెబుతున్నా, చప్పుడొస్తుంది, పట్టించుకోవద్దు అని.

ఒక వేరున్న ముందు పన్ను నిమిషాల్లో వస్తుంది. కింది దవడ పెద్ద పళ్లకు రెండు వేర్లు, పై దవడ పెద్ద పళ్లకు మూడు వేర్లు. వాటికి టైం పడుతుంది. ఒక్కోసారి పన్నును రెండు ముక్కలు చేసి ఒక్కో వేరు విడిగా తీస్తాం. ఒక్కోసారి కుట్లు పడతాయి. ముక్కలు చేశారంటే చెడగొట్టారని అనుకోవద్దు, తేలిగ్గా తీసే దారి అదే. ఎముకలో దాగిన జ్ఞానదంతాల్లాంటి కష్టమైన వాటిని మాత్రం మాలాంటి చిన్న దవాఖానల నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో పొమ్మంటాం. గోల్కొండ రైలెక్కి పోయొస్తారు.

పన్ను బయటికొచ్చింది. ఇప్పుడు రెండో మాట. ఈ మాటకే నేను ఎక్కువ టైం దాచుకున్నాను.

పన్ను ఉన్న చోట ఒక గుంత మిగులుతుంది. దాని నిండా రక్తం ఊరుతుంది. కాసేపటికి గడ్డ కడుతుంది. చూడటానికి నల్లగా, జున్నుముక్కలాగా, అసహ్యంగా ఉంటుంది. దాన్ని కడిగేయాలనిపిస్తుంది. ఉమ్మేయాలనిపిస్తుంది. నాలుకతో తడమాలనిపిస్తుంది. వద్దు. ఆ గడ్డే కట్టు. గుంత అడుగున ఉన్న ఎముకను, నరాలను అది కప్పి ఉంచుతుంది. దాని మీదే కొత్త చిగురు అల్లుకుంటుంది. ఏ మెడికల్ షాపులోనూ అంత మంచి కట్టు దొరకదు.

అందుకే గుంత మీద ఒక గాజుగుడ్డ మడత పెట్టి, గట్టిగా కొరికి పట్టుకోమంటాం. అరగంట నుంచి ముప్పావుగంట. మధ్యలో తీసి చూడొద్దు. చూసిన ప్రతిసారీ గడ్డ దానికి అంటుకుని ఊడొస్తుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఉమ్మి ఎర్రగా వస్తే కంగారు పడొద్దు. చెంచాడు రక్తం నోటి నిండా ఉన్న ఉమ్మిలో కలిస్తే బిందెడు రక్తం పోయినట్టే కనిపిస్తుంది. దాన్ని మింగేయండి. ఉమ్మొద్దు. ఉమ్మితే గడ్డ కదులుతుంది.

ఆ రోజంతా పుక్కిలించొద్దు. గొట్టంతో పీల్చి ఏమీ తాగొద్దు. కొబ్బరి బోండాం తాగాలనుకుంటే గ్లాసులో పోసుకుని తాగండి. వేడి వేడి చాయ్ వద్దు, చల్లటి సల్ల తాగండి. పెరుగన్నం, చల్లారిన జావ, మెత్తగా ఏదైనా రెండో వైపు నమిలి తినండి. బుగ్గ మీద పైనుంచి గుడ్డలో చుట్టిన ఐస్ ముక్క కాసేపు పెట్టి తీస్తుంటే వాపు తక్కువగా వస్తుంది. మత్తు మూడు నాలుగు గంటలుంటుంది. అది పూర్తిగా దిగకముందే, డాక్టర్ రాసిన నొప్పి గోళీ వేసుకోండి. నొప్పి మొదలయ్యాక తరమడం కంటే రాకముందే ఆపడం తేలిక.

పిల్లలకు పన్ను తీయించారా? ఆ మూడు గంటలూ వాళ్ల మీద ఒక కన్నుండాలి. మొద్దుబారిన పెదవి వింతగా ఉందని నములుతారు. నొప్పి తెలియదు కాబట్టి నెత్తురొచ్చేదాకా నములుతారు. ఒక బాబు అట్లాగే చేసి, సాయంత్రానికి పన్ను కంటే పెద్ద గాయంతో తిరిగొచ్చాడు. వాళ్లకు ఊడిన పాల పన్నును మాత్రం చేతిలో పెట్టి పంపిస్తాను. పేడ ముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరే సరదా నా చిన్నప్పుడు నాకూ ఉండేది. ఇప్పుడు డాబాల మీదికి ఏం విసురుతారో తెలియదు కానీ, అడిగి మరీ పట్టుకెళ్తారు.

ఇక బీడీ, సిగరెట్, తంబాకు. కల్లు కూడా. ఒకతను పొద్దున పన్ను తీయించుకున్నాడు. సాయంత్రానికి నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని దోస్తులతో తాటివనానికి పోయాడు. రెండు ముంతల కల్లు, నాలుగు బీడీలు. బీడీ దమ్ము లాగినప్పుడల్లా నోట్లో గాలి వెనక్కి గుంజుతుంది. దానికి తోడు పొగ చిగురుకు రక్తం అందనివ్వదు. మూడో రోజు రాత్రి చెవి దాకా పోట్లు మొదలయ్యాయి. నాలుగో రోజు పొద్దున్నే మా తలుపు దగ్గర కూర్చున్నాడు. "పన్ను పీకినా పన్ను నొప్పి పోలేదు సారూ" అన్నాడు. గుంతలో చూస్తే గడ్డ లేదు. ఎముక తెల్లగా కనపడుతోంది. నోటి వాసన వస్తోంది. దీన్ని డ్రై సాకెట్ అంటారు. మన మాటల్లో ఎండిన గుంత. పన్ను తీసిన రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు, తగ్గాల్సిన నొప్పి పెరిగితే ఇదేనేమో అని అనుమానించాలి. కింది దవడ జ్ఞానదంతాలకు, పొగ తాగేవాళ్లకు ఇది ఎక్కువ. భయపడాల్సిన జబ్బు కాదు. గుంత కడిగి, లవంగ నూనె కలిసిన మందు పెడితే ఆ పూటే ఉపశమనం. లవంగానికి సరైన చోటు అదీ. కానీ రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని. మళ్లీ చెబుతున్నా. గడ్డను కదిలించొద్దు.

మరునాటి నుంచి గోరువెచ్చటి నీళ్లలో కాస్త ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నెమ్మదిగా నోట్లో తిప్పి వదిలేయండి. గట్టిగా పుక్కిలించొద్దు. మిగతా పళ్లు మామూలుగా తోముకోండి. రెండు మూడు వారాల్లో చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది, అది మీకు తెలియకుండానే జరిగిపోతుంది.

కొన్నింటికి మాత్రం ఆగొద్దు. గుడ్డ కొరికి గంటసేపు అదిమినా రక్తం ధారగా వస్తున్నా, మూడో రోజు తర్వాత వాపు తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా దవాఖానకు రండి. మింగడానికో ఊపిరికో ఇబ్బంది అయితే అర్ధరాత్రి అయినా పెద్దాస్పత్రికి పొండి. తెల్లారేదాకా చూడొద్దు.

ఒక్క అనుమానం మిగిలింది. ఇది తీర్చకుండా పోతే మా ఊరి పెద్దమ్మలు ఒప్పుకోరు. "పైపన్ను పీకితే కండ్లు పోతయట గద బిడ్డా?"

పోవు. మిరపకాయలు ఏరడానికి పోయే ఒక పెద్దమ్మ ఈ భయంతోనే రెండేళ్లు పై పన్ను నొప్పి మోసింది. ఆమెకు చూపు అప్పటికే మసకబారుతోంది. నేను పన్ను తీశాక, "చూసినవా, నా కన్ను మసకైంది" అంది. కంటి డాక్టర్ దగ్గరికి పంపితే కంటిలో పొర ముదిరిందన్నారు. పన్ను పీకినా పీకకపోయినా ఆ పొర అదే టైంకు ముదిరేది. మెదడు నుంచి పన్నెండు జతల నరాలు బయలుదేరతాయి. చూపు మోసేది రెండో జత. పంటి నొప్పి మోసేది ఐదో జత. ఆ రెంటి దారులు వేరు. కంటి ఆపరేషన్ చేయించుకున్నాక పెద్దమ్మ మళ్లీ మా దవాఖానకు వచ్చింది. బోర్డు మీద నా పేరు కూడబలుక్కుని చదివి, "నీ పేరు ఇన్నేండ్లకు కనపడ్డది" అంది.

పన్ను తీయించుకున్నాక ఖాళీని అట్లాగే వదిలేయాలా అంటే, జ్ఞానదంతమైతే వదిలేయొచ్చు. మిగతా పళ్ల చోట పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికో మీదికో జారుతుంది. కట్టుడు పన్నో, బ్రిడ్జో, ఇంప్లాంటో మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి. ఆ ముచ్చట్లకు ఇంకో ప్రసంగం కావాలి.

రేపో ఎల్లుండో పన్ను తీయించుకోబోయేవాళ్లు ఎవరైనా ఇది వింటుంటే ఒక చిన్న పని చేయండి. ఇప్పుడే లేచి, అలమరలోనో తలగడ కిందో ఉన్న మీ గోళీల అట్టలన్నీ, డాక్టర్ చీటీలతో సహా, ఒక కవర్లో వేసి చెప్పుల పక్కన పెట్టండి. పొద్దున తిని, ఆ కవర్ పట్టుకుని బయలుదేరండి.